వెనుక చక్రపు ఇరుసు

గత సంవత్సరము శ్రావణమాసపు వానలు కురియుచుండగా, ఒకనాటి ఉదయమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు రెండు గంటలు ఆలస్యముగా మా పాఠశాలకు వచ్చెను. వాడు సైకిలును తోసికొని వచ్చుచుండెను. ప్రతిదినము దాని వెనుక కూర్చుండి వచ్చు వాని చెల్లెలు, ఆరవ తరగతి బాలిక, ఇద్దరి పుస్తకముల సంచులను భుజమున వేసికొని వెంట నడచుచుండెను. వారి పల్లె కొండమీద నున్నది. మా బడికి ఎనిమిది కిలోమీటర్లు. వెనుక చక్రము ఒరిగి బ్రేకునకు రాచుకొని తిరుగుట మానినదని బాలుడు చెప్పెను.

మూడు దినములకు వాని తండ్రి మమ్ము చూడవచ్చెను. "అయ్యవారూ, ఇరుసు వంగినదట. ఈ ఇరుసు కొండదారికి ఆగదు, పన్నెండు మిల్లీమీటర్ల లావు ఇరుసుగల క్రొత్త చక్రము వేయింపుమని అంగడివారు చెప్పుచున్నారు. దాని ధరకు సగము సైకిలు వచ్చును. అది వేయించినచో మరల వంగదా? లేకున్న పిల్లలిద్దరిని మా ఊరి దగ్గరి తమిళ బడిలో చేర్చి నిశ్చింతగా నుండుట మేలా? మీరే చెప్పవలెను" అని అడిగెను.

మేము తెలుగు చెప్పు ఉపాధ్యాయులము. ఆంధ్రదేశమున శిక్షణ పొందినప్పుడు మాకు సంధులును సమాసములును నేర్పిరి గాని సైకిలు మరమ్మతు నేర్పలేదు. అయినను ఒక ఇరుసు మూలమున ఇద్దరు పిల్లల చదువు భాషయే మారిపోవునన్నచో, ఆ ఇరుసు సంగతి తెలిసికొనుట తెలుగు ఉపాధ్యాయుని పనియే యని తోచినది. గేరు సైకిళ్లు, అనగా కొండదారులకై చేయబడిన సైకిళ్లు, నేడు మన విద్యార్థులలో పలువురికి కలవు. కావున మేము నేర్చుకొన్న దానిని మీకును, మీ తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఇక్కడ వివరించుచున్నాము.

ఇరుసు చేయు పని

'ఇరుసు' అను మాట మీకు క్రొత్తది కాదు. సుమతీ శతకమున ఇరుసును గూర్చియు దానికి పెట్టు కందెనను గూర్చియు చెప్పిన పద్యము మీలో పెక్కురకు కంఠస్థమే. తమిళమునందును బండి ఇరుసునకు ఈ మాటయే కలదు. మాట రెండు భాషలకు ఇంటిదే. వస్తువును కూడ అట్లే ఇంటిదానిగా చేసికొందము.

చక్రముతో పాటు ఇరుసును తిరుగునని పలువురు తలంతురు. రైలుబండికి అట్లే, అందు చక్రములు ఇరుసునకు బిగింపబడి, రెండును కలిసి తిరుగును. సైకిలునకు అట్లు కాదు. మన ఎద్దుబండివలె ఇరుసు కదలక నిలిచియుండగా, దాని చుట్టు చక్రము తిరుగును. చక్రము నడిమి డొల్లభాగమును హబ్బు అందురు. హబ్బునకును ఇరుసునకును నడుమ ఉక్కు గుండ్లు పేర్చియుందురు. సాధారణముగా వెనుక చక్రమున ప్రక్కకు తొమ్మిది చొప్పున, పావు అంగుళపు గుండ్లుండును. ఇరుసుపై మరతో బిగించిన కోనులు ఆ గుండ్లను స్థానమున నిలుపును. ఇరుసు కొనలు రెండును చట్రము వెనుక చీలికలలో కూర్చుండును.

ఈ చిన్న ఉక్కు కడ్డీపై రెండు విధములైన బలములు పడుచుండును. మొదటిది బరువు. తొక్కువాని బరువులో సగమునకు మించి వెనుక చక్రముపైననే పడును. క్యారియరుపై కూర్చున్నవారి బరువు దాదాపు అంతయు దానిపైననే పడును. రెండవది గొలుసు లాగుడు. ఎత్తు ఎక్కునప్పుడు గొలుసు ఇరుసు కుడికొనను ముందునకు లాగును. ముందు ఇరుసు వంగుట అరుదనియు, వెనుక ఇరుసు వంగుట తరచనియు సైకిలు అంగళ్లలో వినునది ఇందువలననే.

ఇరుసు ఏల వంగును?

వేపపుల్లనొకదానిని విరిచి చూడుడు. జానెడు పుల్ల సులభముగ విరుగును. దానినే రెండంగుళముల ముక్కగా చేసి విరువబోయినచో వ్రేళ్లు నొచ్చును. పుల్ల అదియే, లావు అదియే. ఆధారమునకును బలము పడు చోటునకును గల దూరము మాత్రము మారినది. ఆ దూరము 10 మిల్లీమీటర్లకు బదులు 40 మిల్లీమీటర్లైనచో, వంచు శక్తి నాలుగింతలగును.

తక్కువ ధర గేరు సైకిళ్లలో నిట్టిదే జరుగును. వాని వెనుక పండ్లచక్రములు ఆరో ఏడో ఒక గుత్తిగా చేరి, ఫ్రీవీలు అను పేర హబ్బు కుడివైపున మరతో బిగింపబడి యుండును. ఫ్రీవీలునకు చోటు విడువవలసినందున కుడివైపు గుండ్లు చట్రము చీలికకు దూరముగ, లోపలగా నుండిపోవును. గుండ్లనుండి చీలికవరకు ఇరుసు ఏ ఆధారము లేక చాచిన చేయివలె నుండును. ఒకే పండ్లచక్రముగల పాత సైకిళ్లలో ఈ దూరము చాల తక్కువ. మన తాతలు ధాన్యపు బస్తాలు మోసినను వారి ఇరుసులు నిలిచుటకు ఇది ముఖ్య కారణము. నేటి ఉక్కు చెడిపోయినదని నిందించుట న్యాయము కాదు.

జపాను దేశపు షిమానో కంపెనీవారు 1978లో ఫ్రీహబ్బు అను నొక క్రొత్త అమరికను అమ్మకమునకు తెచ్చిరి. ఇందు ముందునకు త్రొక్కునప్పుడు పట్టుకొని, త్రొక్కనప్పుడు జారవిడుచు యంత్రము హబ్బులోనే భాగముగ నుండును. పండ్లచక్రములు మాత్రము, క్యాసెట్టు అను పేర, దానిపైకి జారి కూర్చుండును. అందువలన కుడివైపు గుండ్లను చీలిక దగ్గరకు జరుపుటకు వీలైనది. ఇరుసు లావు పెరుగకయే బలము పెరిగినది. కావున 'మంచి ఇరుసు' అనగా ఎల్లప్పుడు 'లావు ఇరుసు' అని అర్థము కాదు. గుండ్లు ఎచ్చట నున్నవను ప్రశ్నయే మొదటిది.

వంగుటకు మరియొక కారణము చట్రపు చీలికలు ఒకదానికొకటి సమానాంతరముగ లేకుండుట. సైకిలు పడినప్పుడో, బండిలో వేసి తెచ్చునప్పుడో ఒక చీలిక కొంచెము వంకరపోవును. అట్టి చట్రమున ఎంత మంచి ఇరుసు వేసి బిగించినను, ఆ బిగింపే దానిని వంచును. ఇరుసు మార్చిన కొలది నెలలకే మరల వంగినచో, ఇరుసును కాక చట్రమును అనుమానింపవలెను.

ఇరుసులలో రకములు

మొదటి రకము నిండు ఇరుసు. రెండు కొనలను నట్టులతో బిగింతురు. పాత ఆంగ్ల పద్ధతి సైకిళ్లలో దీని లావు అంగుళములో ఎనిమిదింట మూడు వంతులు, అనగా 9.5 మిల్లీమీటర్లకు కొంచెము మించును. మర అంగుళమునకు 26 చుట్లు. నేటి గేరు సైకిళ్లలో లావు 10 మిల్లీమీటర్లు. మర చుట్టునకు 1 మిల్లీమీటరు. కంటికి రెండును ఒకటిగనే కనబడును. కాని ఒకదాని నట్టును రెండవదానికి బలవంతముగ త్రిప్పినచో రెండింటి మరలును చెడును. పాత ఇరుసును గాని, నట్టును గాని వెంట తీసికొనిపోక క్రొత్తది కొనరాదు.

రెండవ రకము బోలు ఇరుసు. దీని నడుమనుండి సన్నని కడ్డీ పోవును. కడ్డీ కొననున్న మీటను మడిచినచో చక్రము బిగియును, విప్పినచో వదులగును. ఇటలీ దేశపు పందెగాడు టుల్లియో కంపాగ్నోలో 1930 ప్రాంతమున దీనిని రూపొందించెను. 'బోలుది గనుక బలహీనము' అని అంగళ్లలో చెప్పుట కలదు. లెక్క చూతము. 10 మిల్లీమీటర్ల కడ్డీలో 5 మిల్లీమీటర్ల రంధ్రము చేసినచో, లోహములో నాలుగవ వంతు పోవును. కాని వంగకుండు గుణము వ్యాసముయొక్క నాలుగవ ఘాతముననుసరించును. సగము వ్యాసముగల నడిమి భాగమునకు ఆ గుణములో పదునారవ వంతే చెందును. అనగా పోవునది నూటికి ఆరుపాళ్లకు కొంచెము మించునంతే. కావున బోలు ఇరుసును తీసి నిండు ఇరుసు వేయించుట వలన కలుగు లాభము స్వల్పము.

మూడవ రకము 10 మిల్లీమీటర్ల నిలువు బోల్టు. చూపునకు రెండవ రకమునకు దగ్గర. కాని సన్నని కడ్డీకి బదులు, 10 మిల్లీమీటర్ల లావుగల బోల్టే హబ్బుగుండ ఇవతలినుండి అవతలకు పోయి, తెరచిన చీలికలలో కూర్చుండి, చట్రమును హబ్బును ఒకటిగ బిగించును. చట్రమును మార్చనక్కరలేదు. కాని అంత లావు బోల్టు దూరుటకు తగిన హబ్బు ఉండవలెను. సాధారణపు హబ్బులలో నిది దూరదు.

నాలుగవ రకము 12 మిల్లీమీటర్ల త్రూ ఇరుసు. అంగడివారు మన బాలుని తండ్రికి చెప్పినది ఇదియే. దీనికి చట్రమున చీలికలుండవు, మూసిన రంధ్రములుండును. ఇరుసు ఒకవైపు రంధ్రమున దూరి, హబ్బును దాటి, రెండవవైపు మరలో బిగియును. పై సూత్రము ననుసరించి 12 మిల్లీమీటర్ల నిండు కడ్డీ, అదే లోహపు 10 మిల్లీమీటర్ల దానికంటె రెండింతలకు పైగా వంపునకు ఆగును. అంతకంటె ముఖ్యముగ, చక్రము జారిపోవుటకు దారియే యుండదు. డిస్కు బ్రేకుగల సైకిళ్లకు ఇది గొప్ప మేలు.

ఈ బలమంతయు ఏల అవసరమైనదో తెలియుటకు ఈ సైకిళ్ల పుట్టుక కొంచెము తెలియవలెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మెరీన్ కౌంటీలో కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్లపై కొండదిగుచు ఆడుకొనెడివారు. ఫెయిర్‌ఫాక్స్ పట్టణము చేరువనున్న దారిలో 1976లో పందెములు మొదలైనవి. దిగునప్పుడు వెనుక హబ్బులోని బ్రేకు వేడికి కందెన కాగి పోయెడిదట. ప్రతి పరుగు తరువాత హబ్బు విప్పి మరల కందెన కూరవలసి వచ్చెడిది. అందుచే ఆ దారికే 'రీప్యాక్' అను పేరు వచ్చినది. జో బ్రీజ్ అను నాతడు 1977లో కొండదారికై ప్రత్యేకముగ చట్రము నిర్మించెను. ఆనాటినుండి కొండ సైకిలు చరిత్రలో హబ్బును ఇరుసును బలపరచుట ఒక ముఖ్యమైన పనియైనది.

కొనుటకు ముందు కొలువవలసినవి

ఇక ఎన్నిక సంగతి. అంగడికి పోవుటకు ముందు ఇంటిలో ఒక స్కేలు తీసికొని ఈ సంగతులు చూచి కాగితముపై వ్రాసికొనుడు.

మొదట, చట్రము వెడల్పు. చక్రము తీసి, వెనుక చీలికల లోపలి ముఖముల నడిమి దూరమును కొలువుడు. సాధారణపు కొండ సైకిళ్లకు 135 మిల్లీమీటర్లుండును. ఈ మధ్య వచ్చిన కొన్ని సైకిళ్లకు చీలికలు తెరచియున్నను 141 ఉండును. మూసిన రంధ్రముల చట్రములకు 142గాని, 148గాని ఉండును. 142 అనగా ప్రాత 135కే ఇరువైపుల మూడున్నర చొప్పున చేర్చినది. ఆ చేర్పు చట్రము గాడిలో కూర్చుండును. 148లో హబ్బు అంచులు నిజముగనే చెరియొక మూడు మిల్లీమీటర్లు వెలుపలకు జరిగి, పండ్లచక్రములును అట్లే జరుగును. కావున చట్రము ముందు, చక్రము తరువాత. చక్రమునకు తగినట్లు చట్రమును సాగదీయరాదు.

రెండవది, కొనలు తెరచియున్నవా, మూసియున్నవా? తెరచిన చీలికలుగల చట్రమునకు 12 మిల్లీమీటర్ల త్రూ ఇరుసు కూర్చుండదు. ఇంతటితోనే పెక్కు సందేహములు తీరును.

మూడవది, ఫ్రీవీలా, క్యాసెట్టా? అంగడిలో అడిగిన చెప్పుదురు. ఫ్రీవీలైనచో పై చెప్పిన చాచిన చేయి దోషము కలదని తెలిసికొనుడు.

నాలుగవది, ఇరుసు పొడవు. మీట రకమునకు 135 చట్రమున ఇరుసు సుమారు 145 మిల్లీమీటర్లుండును. అనగా ప్రతివైపు సుమారు ఐదు మిల్లీమీటర్లు చీలికలో కూర్చుండును. అది చీలిక మందమును దాటి వెలికి రారాదు. వచ్చినచో మీట ఇరుసునే నొక్కును గాని చట్రమును నొక్కదు. చక్రము బిగిసినట్లు కనబడి జారిపోవును. నట్టుల రకమునకు నట్టు పట్టవలెను గనుక ఇరుసు ఇంతకంటె చాల పొడవుండవలెను. త్రూ ఇరుసునకైతే పొడవుతో పాటు మరయు కలియవలెను. ఆ మరలు చుట్టునకు 1, 1.5, 1.75 మిల్లీమీటర్లుగా మూడు విధములు కలవు. ఒకదానికి బదులు మరియొకటి త్రిప్పినచో చట్రమే చెడును.

ఐదవది, లోహము. సన్నని 10 మిల్లీమీటర్ల ఇరుసునకు ఉక్కే మేలు. అందును క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కు ఉత్తమము. అల్యూమినియము తేలికయే గాని, అదే లావున ఉక్కునకంటె మూడింతలు సులభముగ వంగును. త్రూ ఇరుసులకు అల్యూమినియము వాడుదురు. అచ్చట లావు ఆ లోటును తీర్చును.

ఇట్లు చూచిన పిమ్మట తక్కువ వ్యయమునుండి ఎక్కువ వ్యయమునకు వరుసగా పోవలెను. మొదటి మెట్టు: చట్రపు చీలికలు సరిచేయించి, మంచి ఉక్కు ఇరుసును, క్రొత్త కోనులను, గుండ్లను వేయించుట. అది చాలకున్న, రెండవ మెట్టు: క్యాసెట్టు హబ్బుగల వెనుక చక్రము. ఇది కొనునప్పుడు కొనల టోపీలు మార్చుటకు వీలుగల హబ్బును అడుగుడు. అట్టిది నేడు 135 చీలికలకును, రేపు 142 చట్రము కొన్నచో దానికిని పనికివచ్చును. త్రూ ఇరుసు మూడవ మెట్టు. అది క్రొత్త సైకిలు కొనునాడు చూచుకొనవలసినదే గాని, ఉన్న సైకిలునకు తగిలించునది కాదు.

వేయించిన తరువాత

ఎంత మంచి ఇరుసైనను అజాగ్రత్తను సహింపదు. మీటను నట్టువలె గిరగిర త్రిప్పి బిగింపరాదు. మీట ఇరుసునకు సూటిగ నిలిచినప్పుడు బిగి తగులుట మొదలు కావలెను. పూర్తిగ మడుచునప్పటికి అరచేతిలో దాని గురుతు పడవలెను. కోనులను సరిచేయునప్పుడు అతి స్వల్పమైన వదులు ఉంచవలెను. మీట బిగించినప్పుడు ఇరుసు కొంచెము కుదించుకొనును గనుక ఆ వదులు అప్పుడు పోవును. త్రూ ఇరుసుపై బిగింపు అంకె ముద్రించి యున్నచో దానిని మీరరాదు.

ఒక ప్రమాదమును తప్పక తెలిసికొనుడు. బోలు ఇరుసు లోపల విరిగినను, నడిమి కడ్డీ రెండు ముక్కలను పట్టియుంచును. బాలురు తెలియక అట్లే తొక్కుచుందురు. చక్రము తరచుగ ఒరిగి బ్రేకునకు తగులుట, సరిచేసిన కోనులు మరల వదులగుట దీని గురుతులు. నెలకొకసారి చక్రము తీసి, ఇరుసు కొనను వ్రేళ్లతో మెల్లగ త్రిప్పుడు. కొన ఒకే చోట నిలిచి తిరిగినచో ఇరుసు సరిగ నున్నది. గుండ్రముగ ఊగినచో వంగినది. వంగిన ఇరుసును సుత్తితో సరిచేయింపరాదు. వంగి తిన్ననైన ఉక్కు మరల నమ్మదగినది కాదు.

మా బాలుని సైకిలును మేము, వాని తండ్రి, గణితోపాధ్యాయులు కలిసి పాఠశాల వసారాలో కొలిచితిమి. వెడల్పు 135. చీలికలు తెరచినవి. వెనుక ఫ్రీవీలు. కుడి చీలిక కొంచెము లోనికి వంగియున్నది. పన్నెండు మిల్లీమీటర్ల ఇరుసుచక్రము కొనియుండినచో అది ఆ చట్రమున కూర్చుండెడిదే కాదు. సొమ్ము పోయి, సైకిలును మూలపడెడిది. అంగడివారు కపటముతో చెప్పిరని మేమనము. లావైనది బలమైనదను సామాన్యమైన తలంపుతో చెప్పియుందురు. వేరొక పనివానిచే చీలిక సరిచేయించి, మంచి ఉక్కు ఇరుసు, కోనులు, గుండ్లు వేయించితిమి. మొదట చెప్పిన ధరలో పదవవంతు కూడ కాలేదు.

ఇది శాశ్వతమని మేము ఆ తండ్రికి చెప్పలేదు. ఫ్రీవీలు ఉన్నంతకాలము ఆ దోషము ఉండును. ఇద్దరు ఎక్కు సైకిలునకు మరియు నుండును. కావున వాలు ఎక్కువైన రెండు చోట్ల చెల్లెలు దిగి నడచునట్లును, రాతిగుంతలు వచ్చినప్పుడు అన్న మెల్లగ పోవునట్లును ఒడంబడిక చేసితిమి. రెండవమారు వంగినచో క్యాసెట్టు చక్రమునకు ఇప్పటినుండియే కొంచెము కొంచెము కూడబెట్టుమని తండ్రికి చెప్పితిమి. బాలుడు నెలనెల ఇరుసు చూచి, ఒక పుస్తకమున తెలుగులో వ్రాసి మాకు చూపుచున్నాడు. మొదటి నెల 'ఆక్సిలు బెండు లేదు' అని వ్రాసెను. రెండవ నెల 'ఇరుసు తిన్నగ నున్నది' అని వ్రాసెను.

అన్నాచెల్లెండ్రిద్దరును నేటికిని ఎనిమిది కిలోమీటర్లు వచ్చి మన బడిలోనే చదువుచున్నారు. తలిదండ్రులారా! పిల్లల సైకిలునకు ఖర్చు పెట్టుటకు ముందు ఒకసారి కొలువుడు. కొలుచుట తెలియకున్న బడికి రండు. మా బల్లసొరుగులో ఒక స్కేలును, పది మిల్లీమీటర్ల నట్టొకటియు ఎల్లప్పుడు సిద్ధముగ నుండును.